డ్రిఫ్టా, ట్రాకా, కార్టింగా: మొదటి లక్ష రూపాయలు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఒకటి చూశా. త్రీ సిరీస్, డీజిల్. ఆరు లక్షలంటున్నాడు. డ్రిఫ్ట్ నేర్చుకోవడానికి పనికొస్తదా?" డ్రిఫ్ట్ అంటే వెనక టైర్లని కావాలనే జారనిచ్చి కారుని అడ్డంగా మలుపు తిప్పడం. వాడి దగ్గర స్విఫ్ట్ ఉంది. ట్రాక్ మొహం ఇంతవరకు చూడలేదు. ఆఫీసువాళ్లు టీమ్ ఔటింగ్ అని తీసుకెళ్తే కార్టింగ్ (చిన్న ట్రాక్ మీద చిట్టి రేసు బండి నడపడం) ఒక్కసారి చేశాడు, అంతే.

"పనికొస్తదిరా. కాకపోతే ఆరు లక్షలు పోశాక నువ్వు ముందు నేర్చుకునేది డ్రిఫ్ట్ కాదు, సస్పెన్షన్ బుష్‌ల రేట్లు" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఆ రాత్రి వాడికి వాట్సాప్‌లో రాసిందే కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాను. చేతిలో ఒక లక్ష ఉంది, ఏడాది టైముంది, జీరో నుంచి మొదలుపెడుతున్నారు అనుకుని చదవండి.

## ముందు ఏం చూసుకోవాలి

డ్రిఫ్ట్ అయినా ట్రాక్ అయినా మీరు డబ్బిచ్చి కొనుక్కునేది ఒకటే: టైరు పట్టు తప్పే అంచు దగ్గర గడిపే టైము. రోడ్డు మీద పదేళ్లు నడిపినవాళ్లు కూడా ఆ అంచు దాకా వెళ్లింది రెండు మూడు సార్లే ఉంటుంది. అదీ కుక్క అడ్డమొచ్చినప్పుడో, వానలో బ్రేకు తొక్కినప్పుడో. అప్పుడు నేర్చుకునేదేమీ ఉండదు, దేవుణ్ని తలుచుకోవడం తప్ప.

టైరు పట్టు జేబులో డబ్బులాంటిది. మొత్తం బ్రేకు మీద ఖర్చు పెట్టేస్తే మలుపుకి మిగలదు. మలుపులో అంతా వాడేసి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే అప్పు పుట్టదు, కారు జారుతుంది. దీనికి తోడు బరువు సంగతి. నిండు బిందె నడుమున పెట్టుకుని నడిచేవాళ్లు ఒక్కసారిగా ఆగితే నీళ్లు ముందుకు తొణుకుతాయి చూడండి, కారు బరువూ అంతే. బ్రేకు తొక్కితే ముందు టైర్ల మీదికి, కాలు తీసి గ్యాసిస్తే (యాక్సిలరేటర్ తొక్కితే) వెనక టైర్ల మీదికి పోతుంది. నీళ్లు తొణక్కుండా నడవడం ట్రాక్ డ్రైవింగ్. ఎప్పుడు ఎటు తొణకాలో తెలిసి తొణికించడం డ్రిఫ్ట్.

అందుకని ఏ దారినైనా నేను తూచేది ముందు ఈ లెక్కతో: జారే నిమిషం నాకు ఎంత పడుతోంది? ఆ తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు. తప్పు చేస్తే ఏం విరుగుతుంది? తప్పు చేశానని చెప్పేవాళ్లు ఎవరైనా, లేదా కనీసం ఒక గడియారమైనా, అక్కడ ఉందా? నెలకి రెండుసార్లు వెళ్లగలనా, లేక ఏడాదికొకటా? ఈ చివరి ప్రశ్నని ఎవరూ పట్టించుకోరు. నా అనుభవంలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

## ఇంట్లో సిమ్యులేటర్

సిమ్యులేటర్, ముద్దుగా సిమ్, అంటే కారు నడపడాన్ని అనుకరించే కంప్యూటర్ గేమ్. లోపల పళ్ల చక్రాలతో పనిచేసే మామూలు గేమింగ్ స్టీరింగ్, పెడల్స్ సెట్టు పాతిక ముప్పై వేలలో వస్తుంది. కంప్యూటర్ ఉంటే అసెట్టో కోర్సా లాంటి గేమ్ సేల్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఆ తర్వాత జారే నిమిషం ఖర్చు దాదాపు సున్నా. గుద్దితే ఎస్కేప్ బటన్.

సిమ్‌ని ఆటబొమ్మ అనేవాళ్లకి ఒక్క పేరు చాలు: యాన్ మార్డెన్‌బరో. నిస్సాన్, సోనీ కలిసి పెట్టిన జీటీ అకాడమీ అనే గేమర్ల పోటీని 2011లో గెలిచిన ఈ కుర్రాడు, 2013లో లె మాన్ 24 గంటల రేసు నడిపాడు.

సిమ్ బాగా నేర్పేది చూపు, చేతులు. వెనక భాగం పక్కకి పోతుంటే స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకోకుండా అరచేతుల్లోంచి జారనివ్వాలని చెవిలో వందసార్లు చెప్పినా ఎక్కదు. సిమ్‌లో యాభై సార్లు తిరగబడితే దానంతటదే వస్తుంది. నేర్పనిది నడుం. నిజం కారులో వెనక టైరు వదలబోతోందని ముందు తెలిసేది సీటులో కూర్చున్న నడుముకే. సిమ్‌లో ఆ కబురు కళ్లకి ఆలస్యంగా అందుతుంది. భయం కూడా ఉండదు. భయం లేని చోట బ్రేకు ఎప్పుడూ ఆలస్యంగానే తొక్కుతాం.

## కార్టింగ్

నా ఓటు దీనికే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

అద్దె కార్ట్‌ని చిన్నపిల్లల బండిలా చూడకండి. దానికి సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) లేదు, వెనక చక్రాలు రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి, బ్రేకు చాలావాటికి వెనకే. అంటే మలుపులో లోపలి వెనక చక్రం కాస్త లేస్తేనే అది సరిగ్గా తిరుగుతుంది. ఆ చక్రాన్ని లేపేది మీరు స్టీరింగ్ తిప్పే తీరు, కూర్చున్న తీరు. డ్రైవర్‌కి సాయపడే ఏ ఎలక్ట్రానిక్ ఏర్పాటూ మధ్యలో దూరదు. చేసిన తప్పు తిన్నగా వెన్నుకి తగులుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎనిమిది పది నిమిషాల సెషన్‌కి సుమారు 500 నుంచి 1000 దాకా తీసుకుంటున్నారు. అందులో సగం టైము అంచు మీద ఉన్నా జారే నిమిషం రెండొందల లోపే. పైగా చివర్లో ల్యాప్ (ట్రాక్ మీద ఒక చుట్టు) టైముల చీటీ ఇస్తారు. ఆ చీటీని మించిన మాస్టారు లేడు. మొదటిసారి నేను ప్రతి మలుపులో వెనక భాగం ఊపుతూ, హీరోలా ఫీలవుతూ వచ్చాను. చీటీ చూస్తే, నా ముందు కిమ్మనకుండా నడిపిన పద్నాలుగేళ్ల పిల్ల నాకంటే ల్యాప్‌కి మూడు సెకన్లు ఫాస్టు. కార్ట్ జారినంతసేపూ వేగం పోతూనే ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత మూడు వారాలు నేను నేర్చుకున్నది ఒక్కటే: బ్రేకు తొందరగా తొక్కడం, తొందరగా వదలడం.

చిక్కులు లేకపోలేదు. లావుపాటివాళ్లకి టైములో నష్టం. ఒక్కో కార్ట్ ఒక్కోలా ఉంటుంది, కాబట్టి మీ టైముని వేరేవాళ్ల టైముతో కాదు, అదే రోజు అదే కార్ట్‌లో మీ పాత టైముతోనే పోల్చుకోండి. పక్కటెముకలు కమిలిపోతాయి, వరసగా మూడు సెషన్లకి మించొద్దు. గేర్లు, క్లచ్ నేర్పదు.

## సొంత కారుతో ట్రాక్ డే

ట్రాక్ డే అంటే డబ్బు కట్టి మీ కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. మనకి దగ్గర్లో అసలైన సర్క్యూట్ (రేసు ట్రాక్) అంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, 3.7 కిలోమీటర్లు, మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్‌ది. నెల్లూరు, తిరుపతివాళ్లకి పొద్దున బయల్దేరి సాయంత్రం ఇంటికొచ్చేంత దూరమే. హైదరాబాద్ నుంచి ఆరొందల కిలోమీటర్ల పైమాటే. కోయంబత్తూరులో కరి మోటర్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు, చిన్నది, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఢిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగింది అక్కడే. కొత్తవాళ్లు అంత పొడుగు స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి దారి) మీదికి మామూలు బ్రేకులతో వెళ్లకపోవడమే మంచిది.

నాకు ఒక వారాంతానికి ఎంట్రీ, పెట్రోలు, రెండు రాత్రుల హోటల్, బ్రేక్ ప్యాడ్‌లు కలిపి ముప్పై వేలు దాటింది. ట్రాక్ మీద గడిపింది పావుగంట చొప్పున నాలుగు సెషన్లు. అందులో నిజంగా అంచు మీద ఉన్నది పదిహేను నిమిషాలనుకుందాం. జారే నిమిషం రెండు వేలు! కార్టింగ్‌కి పదింతలు.

మరి ఎందుకు వెళ్లాలి? మీ కారు గురించి అక్కడ తెలిసేది ఇంకెక్కడా తెలియదు. మొదటి ట్రాక్ డే, రెండో సెషన్, నాలుగో ల్యాప్. స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, నీళ్ల సంచి తొక్కినట్టు, కిందదాకా పోయింది. రెండోసారి తొక్కితే కొంచెం పట్టింది, మూడోసారికి ఆగాను, మలుపు దాటి గడ్డిలో. తప్పు నాదే. బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్లయింది. ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155కి దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ఆవిరి నలుగుతుంది, ఆయిల్ నలగదు, కాలి కింద మెత్తదనం అదే.

అందుకే ట్రాక్ డేకి ముందు ఒక్కటే మార్చగలిగితే బ్రేక్ ఆయిల్ మార్చండి. అల్లాయ్ వీల్స్, ఎగ్జాస్ట్ తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట. సెషన్ అయ్యి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి) వచ్చాక అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. కాలిపోతున్న ప్యాడ్ డిస్క్‌కి అతుక్కుపోతుంది. గేర్‌లో వదిలేసి చక్రం కింద రాయి పెట్టండి.

స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి, ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే కారు చాలదా అని అడుగుతారు. బ్రహ్మాండంగా సరిపోతుంది. 2010లో మొదలైన పోలో కప్ రేసులు అలాంటి కార్లతో నడిచినవే.

## మట్టి మీద ఆటోక్రాస్

మన దేశంలో ఆటోక్రాస్ అంటే చాలాచోట్ల మట్టి గ్రౌండ్‌లో గుర్తులు పెట్టి ఒక్కొక్క కారునీ టైము చూస్తూ పంపడం. తారు మీద 80లో జరిగే జారుడు మట్టి మీద 35, 40లోనే జరుగుతుంది, టైరు అరగదు, మెదడుకి ఆలోచించే టైము దొరుకుతుంది. పాత మారుతి జిప్సీలు ర్యాలీల్లో అంతకాలం నిలబడ్డది ఊరికే కాదు. టూ వీల్ డ్రైవ్‌లో పెడితే వెనక చక్రాలు తోసే బండి, మట్టి మీద దానితో తోక ఊపడం నేర్చుకున్నవాళ్లు తర్వాత ఏ కారెక్కినా కంగారు పడరు. ఈవెంట్లు అరుదుగా జరగడమే దీంతో బాధ. కారు కింది భాగానికి దెబ్బలు మామూలే, సంప్ గార్డ్ (ఇంజిన్ అడుగున కాపాడే పలక) లేకుండా వెళ్లొద్దు.

## రేసింగ్ స్కూల్, నోవిస్ (కొత్తవాళ్ల) రేసులు

రేసర్ అవ్వాలని ఉంటే దారి ఇది. స్కూల్‌లో రెండు మూడు రోజులు ఫార్ములా కారులో (ఒకే సీటుండి, చక్రాలు బయటికి కనిపించే రేసు కారు) శిక్షణ, ఆపైన దేశంలో మోటర్ స్పోర్ట్స్ చూసుకునే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్, తర్వాత నోవిస్ కప్. స్విఫ్ట్ ఇంజిన్ పెట్టిన ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లే ఈ మెట్టు మీద ఎక్కువ కనిపిస్తాయి. కరి ట్రాక్ ఉన్న కోయంబత్తూరుకి ఈ కళ ఎలా వచ్చిందంటే ఎస్. కరివర్ధన్ పేరు చెప్పాలి. ఫార్ములా మారుతి కార్లు తయారుచేసి మన కుర్రాళ్లకి తక్కువ ఖర్చులో రేసింగ్ అందించినాయన, 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో తెరిచిన ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్లిన నరైన్ కార్తికేయన్‌ది ఆ ఊరే. మన హైదరాబాదీ అనిందిత్ రెడ్డి 2016లో జేకే టైర్ ఛాంపియన్‌షిప్‌లో యూరో జేకే అనే విభాగం టైటిల్ గెలిచాడు.

స్కూల్‌కి ఇచ్చే డబ్బులో అసలు విలువ కారుది కాదు, మీ మలుపులు చూసి మొహం మీద చెప్పే ఇన్‌స్ట్రక్టర్‌ది. లక్షలో పెద్ద భాగం ఇక్కడే అయిపోతుంది కాబట్టి ముందు కార్టింగ్ చేసి వెళ్తే, ఆ రెండు రోజులు బ్రేకు ఎక్కడ తొక్కాలో నేర్చుకోవడంతోనే గడిచిపోవు.

## చివరికి డ్రిఫ్ట్

జపాన్ కొండదారుల్లో పెరిగిన విద్య ఇది. 1970ల్లో సర్క్యూట్ రేసుల్లో కునిమిత్సు తకహాషి మలుపుల్లో కారుని పక్కకి నడిపిస్తే చూసి కెయిచి త్సుచియా కొండల మీద సాధన చేశాడు. త్సుచియా పేరుతో కలిసిపోయిన టొయోటా ఏఈ86 ఎంత శక్తిగలదంటే, 1.6 లీటర్ ఇంజిన్, 130 హార్స్‌పవర్. అంతే! బరువు వెయ్యి కిలోల లోపు. మా వాడు చూసిన బీఎండబ్ల్యూ దానికి ఒకటిన్నర రెట్లు.

డ్రిఫ్ట్ నేర్పే చోట్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అద్దెకి డ్రిఫ్ట్ కారు దొరకడం ఇంకా కష్టం. దొరికితే మాత్రం సొంత కారు కొనకముందు అక్కడ ఒక రోజు గడపండి. నేర్చుకునే వరస ఎక్కడైనా ఇదే: నీళ్లు చల్లిన ఖాళీ నేల మీద ఒక కోన్ చుట్టూ డోనట్, అంటే జారుతూనే గుండ్రంగా తిరగడం. స్టీరింగ్ తిప్పి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ ఒక్క తన్ను తన్నితే వెనక భాగం విడిపోతుంది. ఇక్కడ కొత్తవాళ్లందరూ చేసే తప్పు భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేయడం. తీయగానే టైర్లు ఠక్కున పట్టు అందుకుని కారు అటువైపు విసిరికొడుతుంది. కాలు సగం ఉంచి, స్టీరింగ్‌ని వదిలి, చూపు కోన్ మీద కాకుండా వెళ్లాల్సిన వైపు పెట్టాలి. డోనట్ నిలబడితే రెండు కోన్‌ల చుట్టూ ఎనిమిది ఆకారం. ఒక వైపు జారుడు నుంచి రెండో వైపు జారుడికి మారే ఆ అర సెకనే డ్రిఫ్ట్ మొత్తం. ఎనిమిది కుదరకుండా ట్రాక్ మలుపుల్లో ప్రయత్నించేవాళ్లు గోడల దగ్గర తేలతారు.

కార్ల సంగతి. స్విఫ్ట్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం తిరుగుతుంది గానీ, తోసే చక్రాలు ముందున్నాయి కాబట్టి ఆ జారుడిని గ్యాస్‌తో నిలబెట్టలేరు, ఒక్క క్షణంలో ఆరిపోతుంది. ఓమ్ని, ఈకో వెనక చక్రాల బండ్లేగా అంటారు కొందరు. ఎత్తు ఎక్కువ, ఇరుకు. జారడానికి బదులు పల్టీ కొడతాయి, ఆ ఆలోచనే వద్దు. నానో కూడా వెనక చక్రాలదే; 624 సీసీతో పొగ తెప్పిస్తే నాకూ చూడాలనుంది. అంబాసిడర్, కాంటెస్సా ఇష్టంతో తయారు చేసుకునేవాళ్లకి, మెకానిక్ స్నేహితుడు ఉన్నవాళ్లకి మాత్రమే.

పాత త్రీ సిరీస్ విషయానికొస్తే, ఉన్నవాటిలో అదే నయం. హ్యాండ్‌బ్రేక్ మీటతో పనిచేస్తుంది, కారు జారకుండా అడ్డుపడే స్టెబిలిటీ కంట్రోల్ దాని బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. కానీ మన దగ్గర ఎక్కువగా ఆటోమేటిక్‌లే, క్లచ్ తన్నడానికి క్లచ్చే లేదు. డిఫరెన్షియల్ మామూలుది, జారినప్పుడు లోపలి చక్రం ఒక్కటే పొగ కక్కుతుంది. రెండు చక్రాలూ కలిసి తిరిగేలా దాన్ని వెల్డింగ్ చేయిస్తే రోడ్డు మీద ప్రతి యూటర్న్‌లో కిచకిచ. ఎండిన తారు మీద గంటకి ఒక జత వెనక టైర్లు కరిగిపోయినా ఆశ్చర్యం లేదు.

## అన్నీ పక్కపక్కన పెడితే

కింది రేట్లు నా జేబు లెక్కలు. మీ ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారదు.

| దారి | జారే నిమిషం ఖర్చు | తప్పు చేస్తే | ఎంత తరచుగా | బాగా నేర్పేది |
|---|---|---|---|---|
| సిమ్యులేటర్ | దాదాపు సున్నా | ఏమీ కాదు | రోజూ | చూపు, స్టీరింగ్ వదలడం |
| కార్టింగ్ | రెండొందల లోపు | కమిలిన పక్కటెముకలు | ప్రతి వారం | బ్రేకింగ్, మలుపులో ఎంచుకునే దారి (లైను), నడుం తెలివి |
| మట్టి ఆటోక్రాస్ | మధ్యస్థం | కారు కింది భాగం | ఏడాదికి కొన్నిసార్లు | తక్కువ వేగంలో జారుడు |
| సొంత కారు ట్రాక్ డే | రెండు వేల దాకా | సొంత కారు, ఇన్సూరెన్స్ లేకుండా | ఏడాదికి ఒకటి రెండు | మీ కారు హద్దులు |
| రేసింగ్ స్కూల్ | ట్రాక్ డే కంటే ఎక్కువ | ముందే అడిగి తెలుసుకోండి | ఒక్కసారి | పద్ధతి, ఫ్లాగ్‌లు, క్రమశిక్షణ |
| డ్రిఫ్ట్ (సొంత కారు) | అన్నిటికంటే ఎక్కువ | టైర్లు, డిఫరెన్షియల్, బంపర్ | చోటు దొరికినప్పుడు | గ్యాస్‌తో కారుని తిప్పడం |

ఇన్సూరెన్స్ లేకుండా అన్నది తమాషాకి కాదు. మామూలు కారు పాలసీలో రేసులు, స్పీడ్ టెస్టింగ్ లాంటివి వర్తించవని రాసే ఉంటుంది. ట్రాక్ మీద గుద్దితే బిల్లు మీదే.

## ఎవరికి ఏది

కాలేజీ కుర్రాళ్లు, నెలకి మూడు వేలు మిగిలేవాళ్లు: కార్టింగ్, మళ్లీ కార్టింగ్. కారు గురించి ఆలోచించకండి.

పెళ్లయి, చిన్నపిల్లలున్నవాళ్లకి వారాంతం ఇల్లు దాటడం కష్టం, సిమ్ కొనండి. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు చాలు. మూడు నెలలకోసారి కార్టింగ్‌కి వెళ్లి నడుముకి కూడా పాఠం చెప్పించండి.

మంచి హ్యాచ్‌బ్యాక్ ఉండి ట్రాక్ మోజున్నవాళ్లు పది కార్ట్ సెషన్ల తర్వాత ఒక ట్రాక్ డేకి వెళ్లండి. బైక్ హెల్మెట్ నడుస్తుందేమో నిర్వాహకులని ముందే అడగండి. కొనాలనుకుంటే మాత్రం కారు రేసుల హెల్మెట్లకి ఇచ్చే స్నెల్ ఎస్ఏ భద్రతా రేటింగ్ ఉన్నది కొనండి, అందులో మంటని తట్టుకునే లోపలి బట్ట ఉంటుంది.

డ్రిఫ్టే కావాలి, ఇంకేదీ వద్దంటారా? సిమ్‌లో ఎనిమిది ఆకారం కుదిరేదాకా ఆగి, ఆ తర్వాత మట్టి, ఆ తర్వాత శిక్షణ రోజు. కారు కొనడం చివరి మెట్టు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి దారి ఇంకా సులువు. అక్కడ ఆటోక్రాస్ అంటే పెద్ద పార్కింగ్ స్థలంలో కోన్‌ల మధ్య. 1944లో పుట్టిన ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) శాఖలు దాదాపు అన్ని చోట్లా నడుపుతుంటాయి, ఆఫీసుకి వెళ్లే కారుతోనే వెళ్లొచ్చు. రోజంతా కలిపి నడిపేది కొన్ని నిమిషాలే, మిగతా టైము ఎండలో నిలబడి పడిపోయిన కోన్‌లు ఎత్తాలి. కానీ పాతవాళ్లు పక్క సీట్లో కూర్చుని ఊరికే నేర్పుతారు. ట్రాక్ కావాలంటే హెచ్‌పీడీఈ (హై పర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్) అని అడగండి, కొత్తవాళ్ల పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెడతారు. మాజ్దా మియాటా లాంటి, వెనక చక్రాలు తోసే తేలికపాటి కారు అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, ఆ ఒక్క విషయంలో నాకు వాళ్లంటే అసూయ. అర్ధరాత్రి కూడళ్లని ఆక్రమించి గుంపుగా కార్లు తిప్పే టేకోవర్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. కాలిఫోర్నియాలో కొన్ని చోట్ల నిలబడి చూసినా కేసే.

ఇక్కడా అంతే. రాత్రి పూట ఖాళీగా ఉందని ఐటీ కారిడార్ రోడ్డు మీదో, లేఔట్‌లోనో మొదలుపెట్టే ఆలోచన ఉంటే, మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ రోడ్డు మీద రేసుకి 189వ సెక్షన్ ఉంది, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. అది కూడా చిన్న విషయమే. ఖాళీ లేఔట్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, చీకట్లో వాళ్ల పిల్లలు మీకు కనిపించరు.

మా వాడు బీఎండబ్ల్యూ ఓనర్‌కి ఇంకా జవాబు చెప్పలేదు. శనివారం పొద్దున ఏడింటికి, ట్రాక్ చల్లగా ఉండగానే, నాతో కార్టింగ్‌కి వస్తున్నాడు. పలచటి అడుగున్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. ఫోన్ కారులోనే వదిలెయ్యమని కూడా చెప్పాను, వీడియో తీస్తున్నామని తెలిస్తే వాడు ప్రతి మలుపులో తోక ఊపుతాడు. ఎన్ని సెషన్లని అడిగాడు. మూడు, డబ్బులు నీవే అన్నాను.